సీఎస్‌ఈ క్లాసులో ఎవరికి ఏది ఎప్పుడు తెలుస్తోంది?

బీటెక్ సెమిస్టర్‌కు 90 పనిదినాలు అనుకుందాం. హాజరు 75 శాతం ఉండాలి. అనారోగ్యం లాంటి కారణం చూపిస్తే 65 దాకా సడలించి, కండోనేషన్ ఫీజు కట్టించుకుని పరీక్షకు కూర్చోనిస్తారు. 65కి తగ్గితే డిటెన్షన్. జూనియర్లతో కలిసి ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. జేఎన్‌టీయూల పరిధిలోని కాలేజీల్లో ఏళ్లుగా నడుస్తున్న లెక్క ఇది. దీన్ని రోజుల్లోకి మార్చి చూడండి. 22 రోజులకు మించి మానేసినవాళ్లకు 75 ఇక అందదు. 31కి మించితే 65 కూడా అందదు. అరవై రోజులు గడిచేసరికి 28 రోజులు రాని కుర్రాడు, మిగిలిన ముప్ఫై రోజులూ ఠంచనుగా వచ్చినా 69 శాతం దగ్గరే ఆగిపోతాడు. అతని చేతిలో మిగిలింది మూడు రోజులే. నాలుగో రోజు జ్వరం వచ్చినా ఏడాది పోయినట్టే.

ఈ సంగతి అరవయ్యో రోజు సాయంత్రానికే కాలేజీకి తెలుసు. రిజిస్టర్లో ఉంది, బయోమెట్రిక్ మెషీన్లో ఉంది, డిపార్ట్‌మెంట్ కంప్యూటర్లో ఉంది. కుర్రాడికి మాత్రం డిటెయిన్ లిస్టు గోడకెక్కిన రోజున తెలుస్తుంది. కొన్నిచోట్ల అతనికంటే ముందు వాళ్ల నాన్నకు ఎస్సెమ్మెస్ వెళ్తుంది. పొలంలోనో షాపులోనో ఉన్న ఆ పెద్దమనిషికి అందులోని ఇంగ్లీషు అర్థం కాకపోవచ్చు. అర్థమైనా, ఆ శాతం వెనక ఇంకెన్ని రోజుల గడువు ఉందో అందులో ఉండదు. కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలకు కాలేజీ ఏం చెబుతోంది, ఎలా చెబుతోంది, ఎప్పుడు చెబుతోంది అని పరిశీలించబోతే ముందు ఎదురయ్యేది ఈ మూడో ప్రశ్నే. దిద్దుకోవడానికి వ్యవధి ఉండగా చేరిన సమాచారానికే విలువ. ఈ వ్యాసంలో ప్రతి పద్ధతినీ ఆ గీటురాయి మీదే చూస్తాను.

చేరవేసే మార్గాలకైతే ఎప్పుడూ కొదవ లేదు. నిజానికి ఈ విషయంలో మిగతా శాఖలన్నిటికంటే కంప్యూటర్ సైన్స్ వాళ్లే ముందున్నారు. అమెరికాలో ఇల్లినాయి యూనివర్సిటీలో 1960లో మొదలైన ప్లేటో అనే బోధనా వ్యవస్థలో, 1973లో డేవిడ్ ఊలీ అనే పదిహేడేళ్ల కుర్రాడు ‘నోట్స్’ అనే ప్రోగ్రాం రాశాడు. వాడేవాళ్లు తమకు కనిపించిన తప్పులు అందులో రాస్తే, చూసేవాళ్లు కిందనే జవాబు రాసేవాళ్లు. 1983లో ఎంఐటీలో మొదలైన ఎథీనా ప్రాజెక్టు నుంచి జెఫిర్ అనే తక్షణ సందేశాల వ్యవస్థ వచ్చింది. 2002లో ఆస్ట్రేలియాకు చెందిన మార్టిన్ డౌజియామస్ తయారు చేసిన, కోర్సులను ఆన్‌లైన్‌లో నడిపే మూడుల్ బయటికొచ్చింది. అది ఉచితంగా దొరకడంతో మన కాలేజీల దాకా చేరింది. గూగుల్ క్లాస్‌రూమ్ 2014లో వచ్చింది.

ఇలాంటి వాటిలో నాకు ఎక్కువ నచ్చిన కథ పియాజ్జా అనే ప్రశ్నోత్తరాల వేదికది. దాన్ని స్థాపించిన పూజా శంకర్ ఐఐటీ కాన్పూర్‌లో కంప్యూటర్ సైన్స్ చదివారు. క్లాసులో ఆడపిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. మగపిల్లలు రాత్రుళ్లు కలిసి కూర్చుని ఒకరి సందేహం ఒకరు తీర్చుకుంటుంటే, అడగడానికి బిడియపడి తాను ఒంటరిగా కుస్తీ పట్టానని ఆమె చెప్పుకున్నారు. ఆ అనుభవం నుంచే, తోటివాళ్లకు పేరు కనిపించకుండా ప్రశ్న అడిగే వీలున్న పియాజ్జా పుట్టింది. ఒకరు అడిగింది క్లాసంతా చూస్తుంది. తోటి విద్యార్థి జవాబు రాస్తే, అది సరైనదేనని టీచరు ముద్ర వేయొచ్చు. సమాచారం పైనుంచి కిందికి మాత్రమే రాదని, అడిగే ధైర్యం లేనివాళ్లకు దారి వేయడం కూడా అందులో భాగమేనని గుర్తించిన ఏర్పాటు అది. మన క్లాసుల్లో వెనక బెంచీల్లో నోరు మెదపకుండా నాలుగేళ్లు గడిపేసే పిల్లల్ని చూసినవాళ్లకు దాని విలువ వేరే చెప్పక్కర్లేదు.

మన దగ్గర ఇప్పుడు రాజ్యమేలుతున్నది వాట్సాప్. సెక్షన్‌కో గ్రూపు, ల్యాబ్ బ్యాచ్‌కో గ్రూపు, ప్లేస్‌మెంట్లకు ఒకటి, సార్లు లేని గ్రూపు ఇంకొకటి. ప్రిన్సిపాల్ సంతకం, స్టాంపు ఉన్న సర్క్యులర్‌ను ఎవరో ఏటవాలుగా ఫొటో తీస్తారు. కింద తేదీ ఉన్న అంచు తెగిపోతుంది. రాత్రి తొమ్మిదింటికి క్లాస్ రిప్రజెంటేటివ్ (సీఆర్) దాన్ని గ్రూపులో పెడతాడు: మిడ్ టూ వాయిదా. పదింటికల్లా అది ఐదు గ్రూపులు తిరుగుతుంది. అది పోయిన ఏడాది సర్క్యులరని పదకొండింటికి ఒకమ్మాయి కనిపెడుతుంది. ఆ లోపు సగం మంది పుస్తకం మూసేసి ఉంటారు. తప్పు సీఆర్‌ది కాదు. పరీక్ష తేదీ లాంటి విషయానికి ఖాయమైన చోటు ఒక్కటంటే ఒక్కటి లేకపోవడమే తప్పు. ఏ గ్రూపులో ఏం వచ్చినా, ఫలానా పేజీలో ఉంటేనే నమ్మండి అని మొదటి రోజే చెప్పి, నాలుగేళ్లూ ఆ మాట మీద నిలబడే డిపార్ట్‌మెంటుకు ఇంతకంటే ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. సీఆర్‌గా ఉన్న ఇరవై ఏళ్ల పిల్లవాడి నెత్తిన కార్యాలయం బాధ్యతంతా పెట్టడం కూడా అన్యాయమే.

అడిగిందే అడగడం మీద టీచర్లకు విసుగు రావడం సహజం. అసైన్‌మెంట్ ఎప్పటిలోగా ఇవ్వాలి, ఏ ఫార్మాట్‌లో ఇవ్వాలి, ఇద్దరు కలిసి చేయొచ్చా? జార్జియా టెక్‌లో కృత్రిమ మేధ మీద ఆన్‌లైన్ కోర్సు చెప్పే అశోక్ గోయల్, తన క్లాసులో సెమిస్టర్‌కు దాదాపు 10,000 సందేశాలు వస్తున్నాయని గమనించి, 2016లో ‘జిల్ వాట్సన్’ అనే ప్రోగ్రామ్‌ను మిగతా టీచింగ్ అసిస్టెంట్ల సరసన కూర్చోబెట్టారు. తన జవాబు మీద 97 శాతం నమ్మకం ఉంటేనే అది జవాబిచ్చేది. ప్రయోగం పేరుకెక్కింది, ఎక్కాల్సిందే. కానీ తమకు జవాబిస్తున్నది మనిషి కాదని సెమిస్టర్ ఆఖరిదాకా ఆ విద్యార్థులకు చెప్పలేదు. విద్యార్థులకు సమాచారం అందించడానికి చేసిన పనిలోనే వాళ్లకు చెప్పాల్సిన మొదటి సమాచారం దాచిపెట్టారు. ఇవాళ కాలేజీలు తమ పోర్టళ్లలో చాట్‌బాట్లు పెడుతున్నాయి. మీరు మాట్లాడుతున్నది యంత్రంతో అన్న ఒక్క వాక్యం వాటి నెత్తిన రాయడం తప్పనిసరి కావాలి.

రెగ్యులేషన్ సంగతి చూద్దాం. ఆర్ 18, ఆర్ 20, ఆర్ 22 అంటూ పిల్లలు జన్మనక్షత్రాల్లా చెప్పుకునే ఈ సంఖ్యలే వాళ్ల నాలుగేళ్ల రాజ్యాంగం. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్ 18లో ఇంటర్నల్‌కు 25, ఎక్స్‌టర్నల్‌కు 75 మార్కులైతే, ఆర్ 22లో అవి 40, 60 అయ్యాయి. ఆర్ 18లో డిటెయినై తర్వాతి బ్యాచ్‌లో చేరినవాళ్లకు, చదివేసిన సబ్జెక్టు కొత్త సిలబస్‌లో మళ్లీ ఎదురుకావచ్చు. చదవని సబ్జెక్టు జూనియర్లకు పాత సెమిస్టర్‌లోనే అయిపోయి ఉండొచ్చు. దానికి బదులు ఏది రాయాలో తేల్చుకోవడానికి పిల్లలు ఎగ్జామ్ బ్రాంచి కిటికీ చుట్టూ తిరుగుతూ ఉంటారు. రెగ్యులేషన్ పుస్తకం పీడీఎఫ్ అందరికీ అందుబాటులో ఉందని కాలేజీ అంటుంది. ఉంది, కాదనను. న్యాయవాదుల ఇంగ్లీషులో ఉన్న ఆ పేజీల్లో తన పరిస్థితికి పనికొచ్చే క్లాజు ఏదో పద్దెనిమిదేళ్ల పిల్లవాడు వెతికి పట్టుకోవాలన్నది మాత్రం సరైన ఆశ కాదు.

చెబితే ఎంత మేలు జరుగుతుందో చూపే ఉదాహరణ ఒకటి ఆంధ్రప్రదేశ్ వైపు ఆర్ 20లో ఉంది. రెండు మిడ్‌లలో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువ వచ్చినదానికి 20 శాతం లెక్కవేస్తారు. మొదటి మిడ్‌లో 30కి పదే వచ్చిన అమ్మాయి రెండోదాంట్లో 24 తెచ్చుకుంటే చివరికి 21కి పైనే వస్తాయి. మామూలు సగటైతే 17 దగ్గర ఆగేది. ఈ ముక్క మొదటి మిడ్ మార్కులు ఇచ్చిన రోజే బోర్డు మీద అంకెలేసి చూపిస్తే, ఇక లాభం లేదనుకున్నవాళ్లు మళ్లీ పుస్తకం తీస్తారు. నిబంధన అదే, పుస్తకంలో ఉన్నదీ అదే. బోర్డు మీద వేసి చూపించినప్పుడే అది పిల్లల చేతికి పనిముట్టుగా అందుతుంది.

ఇందుకు పూర్తిగా ఎదురు దారిలో నడుస్తున్నది కోర్స్ ఔట్‌కమ్స్ వ్యవహారం. 2014లో ఇంజినీరింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే మన ఎన్‌బీఏ, ఆ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించే వాషింగ్టన్ ఒప్పందంలో శాశ్వత సభ్యత్వం పొందాక, ప్రతి సబ్జెక్టుకూ సీఓలు రాయడం కాలేజీల్లో నిత్యవిధి అయింది. కోర్సు ముగిసేసరికి ఏం చేయగలగాలో విద్యార్థికి ముందే చెప్పడం మంచి ఆలోచన. అయితే ఆ వాక్యాలు తనిఖీకి వచ్చేవాళ్ల కోసం రాసినట్టుంటాయి. పిల్లలు డిక్టేషన్ రాసుకుని పేజీ తిప్పేస్తారు. బైనరీ సెర్చ్ ట్రీ ప్రోగ్రామ్ చూడకుండా రాయగలగాలి, అది ఎందుకు వేగంగా వెతుకుతుందో పక్కవాడికి చెప్పగలగాలి అని తెలుగులో రెండు ముక్కలు చెబితే, ఇదే పని నెరవేరుతుంది.

వెనకబడుతున్న విద్యార్థిని ముందే గుర్తించి హెచ్చరించే పద్ధతుల మీద కొంత జాగ్రత్త అవసరం. అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీ 2007 నుంచి సిగ్నల్స్ అనే వ్యవస్థ నడిపింది. మార్కులు, ఆన్‌లైన్‌లో ఎంత పని చేశారన్నది కలిపి లెక్కవేసి, ఒక్కొక్కరికీ ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దీపాలు చూపించేది. ఈ వ్యవస్థ ఉన్న కోర్సులు రెండు, అంతకు మించి తీసుకున్నవాళ్లు చదువు మానేయడం తక్కువని యూనివర్సిటీ ప్రకటించింది. 2013లో విమర్శకులు ఆ లెక్కలో లోపం చూపించారు. ఎక్కువ కాలం చదువులో నిలిచినవాళ్లకు సహజంగానే అలాంటి కోర్సులు ఎక్కువ తగులుతాయి. దీపాల వల్ల నిలిచారా, నిలిచారు కాబట్టి దీపాలు ఎక్కువ కనిపించాయా? ఇప్పుడు మన కాలేజీలకు డ్యాష్‌బోర్డులు అమ్మజూపేవాళ్లను అడగాల్సిన ప్రశ్న కూడా ఇదే. ఎర్రదీపం చూపించడం సులువు. ఆ తర్వాత పిల్లవాడు ఎవరి గదికి వెళ్లాలి, అక్కడ ఎవరు అతని కోసం అరగంట కూర్చుంటారు అన్నది ముందే ఏర్పాటై ఉండకపోతే, ఆ దీపం భయపెట్టి ఊరుకుంటుంది.

ఇంకా నిర్ణయం కాలేదు అని చెప్పడం కూడా సమాచారమే. 2020లో కరోనా కాలంలో ఫైనలియర్ పిల్లలకు పరీక్షలున్నాయా లేవా అన్నది నెలల తరబడి తేలలేదు. సెప్టెంబరు ఆఖరుకల్లా పెట్టాలని జూలైలో యూజీసీ చెప్పింది. వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లి ఆగస్టు 28న తీర్పొచ్చింది. అన్ని రోజులూ ఊళ్లలో సిగ్నల్ కోసం డాబా ఎక్కి ఫోన్ పట్టుకున్న పిల్లలకు పుకారు తప్ప ఏమీ అందలేదు. ఇప్పటికి తెలిసింది ఇది, తర్వాతి కబురు ఫలానా తేదీన చెబుతాం అని వారానికోసారి రెండు వాక్యాలు రాసి ఉంటే, జవాబు తెలియకపోయినా వాళ్లకు నిద్ర పట్టేది.

అందరికీ తెలియకూడనివి కూడా ఉంటాయి. హాల్‌టికెట్ నంబర్లు వరుసలో ఉంటాయి కాబట్టి, నంబరు కొడితే మార్కులు కనిపించేచోట క్లాసులో ఎవరి మార్కులైనా ఎవరైనా చూడొచ్చు. ఫెయిలైనవాళ్ల జాబితా గ్రూపులో పెట్టడం మామూలైపోయింది. అమెరికాలో 1974 నుంచే విద్యార్థి రికార్డుల గోప్యతకు చట్టం ఉంది. మనకు 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. అంత పెద్ద చట్టాల దాకా వెళ్లకుండానే, మార్కులు చూడటానికి నంబరుతో పాటు పాస్‌వర్డ్ అడిగితే సగం సమస్య తీరుతుంది. విద్యార్థి తనదే అయిన జవాబుపత్రం చూడాలనుకుంటే మాత్రం అడ్డంకులు పెట్టకూడదు. దిద్దిన జవాబుపత్రాన్ని సమాచార హక్కు చట్టం కింద చూసుకునే హక్కు పరీక్ష రాసినవాళ్లకు ఉందని 2011 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. రీకౌంటింగ్, రీవాల్యుయేషన్ ఫీజుల గురించి ప్రతి పిల్లవాడికీ తెలుసు. ఈ తీర్పు గురించి తెలిసినవాళ్లు ఎంతమంది? రీవాల్యుయేషన్ ఫలితం రాకముందే సప్లీ ఫీజు గడువు ముగిసేలా క్యాలెండర్ వేస్తే, ఆ ఇంటివాళ్లు రెండు ఫీజులూ కట్టుకోవాల్సిందే. తేదీలు వేసేటప్పుడే ఇది ఆలోచించాలి.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఏ శాఖ విద్యార్థికైనా వర్తిస్తాయి. కంప్యూటర్ సైన్స్‌కే ప్రత్యేకమైనది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, ఇంకొకటి ఉంది. నేను రాసిన ప్రోగ్రామ్ ఎలా ఉంది అన్న ప్రశ్నకు జవాబు. ప్రోగ్రామింగ్ మొదటి కోర్సులో ప్రపంచవ్యాప్తంగా సగటున మూడింట ఒక వంతు మంది తప్పుతున్నారని డెన్మార్క్ పరిశోధకులు బెనెడ్‌సెన్, కాస్పర్‌సెన్ 2007లో అంచనా వేశారు. తప్పడానికి కారణాలు చాలా. తన తప్పేమిటో తనకు తెలియకుండానే వారాలు గడిచిపోవడం వాటిలో ఒకటి.

మన దగ్గర ఒక అమ్మాయి డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్ రికార్డు తెరిచి చూద్దాం. లింక్డ్ లిస్ట్ నుంచి ఒక నోడ్‌ను తీసేసే ప్రోగ్రామ్, సీ లో రాసింది. డిలీట్ ఫంక్షన్‌కు హెడ్ పాయింటర్‌నూ తీసేయాల్సిన విలువనూ పంపించారు. ల్యాబ్‌లో 10, 20, 30 ఇచ్చి 20ని తీసేశారు. తెర మీద 10, 30 వచ్చాయి. అబ్జర్వేషన్‌లో సంతకం, రికార్డులో ఎర్ర టిక్కు, తేదీ. కానీ 20కి బదులు 10ని తీసేయమని ఉంటే? ఫంక్షన్‌కు అందింది హెడ్ నకలు మాత్రమే. లోపల మొదటి నోడ్‌ను ఫ్రీ చేసినా, మెయిన్‌లో ఉన్న హెడ్ ఇంకా ఆ ఖాళీ చేసిన చోటునే చూపిస్తుంటుంది. ప్రింట్ చేయబోతే చెత్త అంకెలు రావొచ్చు, సెగ్మెంటేషన్ ఫాల్ట్ రావొచ్చు, ఒక్కోసారి ఏమీ జరగనట్టే ఉండొచ్చు. పాయింటర్లలో నేర్చుకోవాల్సిన అసలు పాఠం అక్కడుంది. ఆ ఎర్ర టిక్కు పక్కన ‘మొదటి నోడ్‌ను తీసేసి చూశావా?’ అని నాలుగు మాటలు ఉంటే, ఆ అమ్మాయి ఆ సాయంత్రమే తన ప్రోగ్రామ్ విరగడం చూసి ఉండేది. లేవు కాబట్టి ఎక్స్‌టర్నల్ వైవాలోనో, రెండేళ్ల తర్వాత ఇంటర్వ్యూలోనో చూస్తుంది.

దిద్దే పని యంత్రానికి అప్పగించాలన్న ఆలోచన కొత్తది కాదు. అమెరికాలో రెన్సెలేర్ పాలిటెక్నిక్‌లో విద్యార్థుల ప్రోగ్రామ్‌లను కంప్యూటర్ చేతే దిద్దించిన పద్ధతి గురించి జాక్ హాలింగ్స్‌వర్త్ 1960లోనే రాశారు. పంచ్ కార్డుల కాలం అది. ఇప్పుడు మన ల్యాబుల్లోనూ ఆన్‌లైన్‌లో ప్రోగ్రామ్ పెడితే క్షణాల్లో ఫలితం వస్తోంది: పది టెస్ట్ కేసుల్లో ఏడు పాస్. ఎర్ర టిక్కు కంటే ఇది చాలా నయం, ఎందుకంటే వెంటనే చెబుతోంది. మిగిలిన మూడు ఎందుకు పోయాయో చెప్పకుండా దాచిపెడితే మాత్రం, పిల్లలు లూప్‌లో సున్నా బదులు ఒకటి, లెస్‌దాన్ బదులు లెస్‌దాన్ ఆర్ ఈక్వల్ అంటూ గుడ్డిగా మార్చి మార్చి పది చేసుకుంటారు. మార్కులు వస్తాయి, అవగాహన రాదు. పోయిన కేసుకు ‘ఖాళీ లిస్ట్’, ‘మొదటి నోడ్’, ‘లేని విలువ’ అని పేరు పెట్టి చూపించినా చాలు.

ఫీడ్‌బ్యాక్ ఇస్తే చాలు మంచే జరుగుతుందన్న నమ్మకాన్ని 1996లో క్లూగర్, డెనిసి అనే పరిశోధకులు కదిలించారు. అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ జల్లెడ పడితే, మూడింట ఒక వంతుకు పైగా సందర్భాల్లో ఫీడ్‌బ్యాక్ తర్వాత పనితీరు పడిపోయిందని తేలింది. పని మీది నుంచి మనిషి మీదికి దృష్టి మళ్లించే మాటలు చెరుపు చేస్తాయన్నది వాళ్ల వాదన. నీకు లాజిక్ రాదు అన్న మాట ఆ కోవలోది. మొదటి నోడ్ తీసేసి చూడు అన్నది పని గురించిన మాట. మన స్టాఫ్‌రూముల్లో ఈ తేడా ఒక్కటి పట్టించుకున్నా, చాలామంది తెలుగు మీడియం పిల్లలు కోడింగ్ నాకు పడదు అనే నిర్ణయానికి రాకుండా ఆగుతారు. 2021లో ఏఐసీటీఈ బీటెక్‌ను తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషల్లో బోధించడానికి అనుమతిచ్చింది. కోర్సంతా తెలుగులో నడపడం మీద ఎవరి అభిప్రాయాలు వారికుండొచ్చు. తప్పు ఎక్కడుందో చెప్పే నాలుగు మాటలు మాత్రం పిల్లవాడికి వచ్చిన భాషలో చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

చాట్‌జీపీటీ వచ్చాక ఇంకో విషయం ముందే తేల్చి చెప్పాల్సి వస్తోంది. ఏ అసైన్‌మెంట్‌లో దాని సాయం తీసుకోవచ్చు, ఎంతవరకు తీసుకోవచ్చు, దేంట్లో అసలు వద్దు? కాలేజీ మొత్తానికి ఒకే నిషేధం రాసి గోడకు అంటిస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ప్రతి ప్రశ్నాపత్రం మీదా ఒక వాక్యం ఉండాలి. హార్వర్డ్‌లో సీఎస్50 కోర్సువాళ్లు 2023లో, జవాబు నేరుగా చెప్పకుండా దారి చూపించేలా తమ సొంత ఏఐ సహాయకుణ్ని పెట్టుకున్నారు. మనవాళ్లు అంత చేయలేకపోయినా, వాక్యం రాయగలరు.

అరవైమంది సెక్షన్‌లో ప్రతి రికార్డు మీదా వ్యాఖ్య రాసే తీరిక ఎక్కడిదని ఏ అధ్యాపకుడైనా అడుగుతారు. న్యాయమైన మాటే. ఏఐసీటీఈ లెక్క ప్రకారం ఇరవైమందికి ఒక అధ్యాపకుడు ఉండాలి గానీ, ల్యాబ్‌లో ఒక్కరే నిలబడే రోజులు ఎన్నో. మనిషికి మూడు నిమిషాల చొప్పున అరవైమందికి మూడు గంటలు, అంటే ల్యాబ్ సమయమంతా. అందుకని వారానికి పది రికార్డులే తీసుకోండి. అరగంట పని. పన్నెండు వారాల్లో 120 అవుతాయి, సెక్షన్‌లో ప్రతి ఒక్కరికీ రెండుసార్లు. మొదటిసారి ఆరో వారం లోపు పడేలా చూసుకుంటే, రెండో మిడ్‌కు ముందే అరవైమందికీ తాము ఎక్కడ తప్పుతున్నారో తెలిసిపోతుంది.